రసీదు వెనక రాసిన పద్దులు

ఈ రోజు మాఘ బహుళ పంచమి, శుక్రవారం. మా వియ్యపురాలు పోయి పదమూడు రోజులు. వచ్చే శుక్రవారం మా ఊరి గ్రామసభ. ఆ సభలో నా చేతిరాతతో ఉన్న ఒక తీర్మానం చదవబోతున్నారు. అది చదివేలోపల ఈ మాటలు అచ్చులో ఉండాలని ఇప్పుడు రాస్తున్నాను.

కబురు పొద్దున్నే అల్లుడి ఫోనులో వచ్చింది. "అత్తయ్యా, అమ్మ నేదు" అన్నాడు. పలాస ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాడు. అప్పుడు నేను పాల లెక్క రాస్తున్నాను. ఆ పద్దు ఇప్పటికీ సగంలోనే ఉంది. నా పుస్తకాలన్నిటిలో సగంలో ఆగిన పద్దు అదొక్కటే.

నేను టెక్కలిలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆవిడ అయిదో తరగతి దాకా చదివి, ఉద్దానంలో జీడితోట, కొబ్బరితోట చూసుకుంటూ, రెండు విడతలు మా ఊరికి సర్పంచిగా చేసింది. ఆ పదేళ్ళూ నేను వార్డు మెంబర్ని, అదీ ఎదుటి పక్షంలో. పంచాయతీ ఎన్నికలకి పార్టీ గుర్తులుండవని చట్టం. మా ఊళ్ళో మాత్రం టీ దుకాణాలకి కూడా పార్టీ ఉంది. ఆవిడ తాగే చోట నేను తాగను, నేను తాగే చోట ఆవిడ తాగదు. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇచ్చినప్పుడు ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. భోజనాల దగ్గర రాజకీయం ఎత్తకూడదు. మొదటి భోజనంలో పప్పు వడ్డించేదాకా ఆ ఒప్పందం నిలిచింది.

తప్పింది నేనే. ఆ రోజు టీవీలో బడ్జెట్టు చెబుతున్నారు. "అప్పు తెచ్చి పంచడం కూడా పరిపాలనేనా" అన్నాను. అప్పుడు రాష్ట్రంలో వాళ్ళ పార్టీ ఉంది. ఆవిడ పప్పు గరిటె ఆపి, "మొన్నటి దాకా మీవోళ్ళు ఇచ్చిందీ ఈ పింఛనే గదా వదినా. మీ పార్టీ ఇత్తే సాయం, మా పార్టీ ఇత్తే దుబారానా?" అంది. నేనూ ఊరుకోలేదు. "మీవాళ్ళు పన్ను పెంచితే అభివృద్ధి, మావాళ్ళు పెంచితే బాదుడా?" అన్నాను. ఆవిడ నవ్వి, నా విస్తట్లో ఇంకో గరిటె వేసి, "తిను. దీనికి పన్ను నేదు" అంది.

మా తగువంతా నిజానికి ఒక్కటే. ముందు వసూలు, తర్వాత ఖర్చు అన్నది నా పద్ధతి. రాబడి చూపించని ఖర్చుకి నేను సంతకం పెట్టను. ముందు అవసరం, డబ్బు సంగతి తర్వాత అన్నది ఆవిడ పద్ధతి. అలాగని డబ్బు జారవిడిచే మనిషి కాదు. పంచాయతీ ఆఫీసులో టీ తాగితే తన కొంగుముడి విప్పి డబ్బులిచ్చేది. తెల్లవారుతుండగా పుల్లలు ఊడిన గొడుగొకటి పట్టుకుని వీధి వీధీ తిరిగి, ఆ గొడుగు కొనతో దీపాల స్విచ్చులు ఆర్పేది. ఆ పనికి జీతగాడున్నాడు. "ఆడు లేచేసరికి ఎండొచ్చెత్తాది. అందాకా ఎలిగితే ఆ కరెంటు ఎవుడు కడతాడు?" అనేది. దుబారా మనిషి అని నేను సభల్లో నిందించిన ఆవిడ రోజూ మా గుమ్మం ముందు దీపం ఆర్పుకుంటూ వెళ్ళడం నేను కిటికీలోంచి చూసేదాన్ని. చూశానని ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అనవలసింది.

ఇంటి పన్ను వసూలులోనూ ఆవిడ దారి వేరు. మార్చి ఆఖరుకి వసూలు పూర్తి కావాలని నేను పట్టుబట్టేదాన్ని. ఆవిడ జీడిపిక్కలు అమ్ముడయ్యేదాకా ఆగేది. గడువు దాటుతోందని గుర్తుచేస్తే, "జీడిసెట్టుకి కేలండరు తెల్దు గదా వదినా" అనేది. పిక్కలు అమ్మిన వారం బిల్లు కలెక్టర్ని వెంటబెట్టుకుని తనే ఇంటింటికీ బయల్దేరేది. డబ్బు తీసుకుని, రసీదు రాయించి, దాన్ని బోర్లా తిప్పి, వెనక ఒక ముక్క రాసి ఇచ్చేది. ఆ ఇంటి పన్ను ఆ ఏడు దేనికి పోయిందో ఆ ముక్కలో ఉండేది. మా పక్కింటి కిరాణా దుకాణం ఆయన, "మళ్ళీ పన్నేటి సర్పంచమ్మా, కిందటేడు కట్టింది ఏటయిపోనాది?" అని అడిగితే, "మీ సందు మలుపులో దీపం నీదే. రాత్రి దాని కిందే గదా పేకాడతన్నావు" అంది. ఆయన అక్కడికక్కడే కట్టాడు. ఒకరి పన్ను బావిలో వేసిన బ్లీచింగు, ఇంకొకరిది కాలువ మీద పలక. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఊళ్ళో పన్ను బకాయి లేదు. ఇది నేను ఒప్పుకోవలసిన మాట.

అయినా ఆ పద్ధతి తప్పు. పన్ను ఎవరు కట్టినా సాధారణ నిధిలో కలిసిపోతుంది. ఫలానా వారి డబ్బు ఫలానా దీపానికి అని ఏ రిజిస్టరులోనూ ఉండదు. మా అరుగు మీద మొదటిసారి రసీదు తిప్పబోతుంటే అదే చెప్పాను. "నాకు రసీదు చాలు, కథ వద్దు" అన్నాను. "సర్లే, నీకు సెప్పనులే" అంది. చెప్పలేదు. ఏదో రాస్తూనే ఉండేది. తన గుర్తు కోసం రాసుకుంటోందని అనుకున్నాను.

ఇక పేట కుళాయి. మా ఊరికి సముద్రం వైపున చేపల వేట మీద బతికే వాళ్ళ పేట ఉంది. పోరంబోకు స్థలం కాబట్టి ఇళ్ళకి నెంబర్లు లేవు. నెంబర్లు లేవు కాబట్టి పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి కుళాయి లేదు. అక్కడి బోరునీళ్ళు ఉప్పన. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు తొక్కని వీధి లేదు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గాని, అందరి అనుమానమూ నీళ్ళ మీదే. ఆవిడ సర్పంచి అయిన మొదటి ఏడే ఊరి ట్యాంకు నుంచి పేటకి పైపు వెయ్యాలని తీర్మానం పెట్టింది.

"పన్ను కట్టని వాళ్ళకి కుళాయి ఇస్తే, కట్టేవాళ్ళు ఎందుకు కట్టాలి?" అని నేను లేచాను.

సభలో ఆవిడ నన్ను వదినా అనేది కాదు. "పంతులమ్మగారూ, ఆళ్ళు కడతామన్నా మనం కట్టించుకోడం నేదు. నెంబరు ఇవ్వంది మనమే" అంది.

"అయితే ముందు నెంబర్లు ఇవ్వండి. తర్వాత పన్ను. ఆ తర్వాత కుళాయి. అదీ వరస."

"వరస బాగున్నాది. అందాకా ఆళ్ళు ఏ నీళ్ళు తాగాలో ఆ వరసలో ఎక్కడ రాసినారు?"

అందరూ నవ్వారు. ఒక్క ఓటు తేడాతో తీర్మానం నెగ్గింది. నేను నా అసమ్మతి రాయించి వచ్చేశాను. ఇంటిదారిలో వెనక నుంచి వచ్చి కలిసింది. "కోపమొచ్చిందేటి వదినా?"

"కోపం కాదు. లెక్క తప్పింది."

"లెక్క తప్పితే మల్లా దిద్దుకుంటావు. కిడ్నీ పోతే ఏటి దిద్దుతావు?"

కొన్నేళ్ళకి ఆ జబ్బు ఆవిడకే వచ్చింది. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి పలాస వెళ్ళేది. అల్లుడు కారు మాట్లాడతానంటే ఒప్పుకోలేదు, బస్సే. నెల కిందట నేనూ తోడు వెళ్ళాను. ఇప్పుడు పంచాయతీ మావాళ్ళ చేతిలో ఉంది. ఇంటి నెంబరు లేని చోట్ల కుళాయిలు ఆపెయ్యాలని మావాళ్ళు అనుకుని, తీర్మానం రాసిపెట్టమని నన్ను అడిగారు. రాశాను. పదేళ్ళుగా నేను చెబుతున్నదే కదా. దాచి చెయ్యడం నా అలవాటు కాదు కనక, ఆ కాగితం బస్సులో ఆవిడ చేతికిచ్చాను.

కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "దస్తూరీ ముత్యాల్లాగున్నాది" అంది. మడిచి ఇచ్చేస్తూ, "కట్టెయ్యి. నీది నువ్వు కట్టేసుకుంటే నానేటి సెప్తాను" అంది. వెటకారమనుకుని కాగితం సంచిలో పెట్టేసుకున్నాను. మా మధ్య రాజకీయం మీద అదే ఆఖరి మాట.

నిన్న పన్నెండో రోజు కార్యానికి పేట ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకామె నాకు తెలుసు. ఏటేటా నాలుగు గుప్పిళ్ళు ఎండునెత్తళ్ళు తెచ్చి మా అరుగు మీద పెట్టి, "మీ నీళ్ళే తాగతన్నామమ్మా" అనేది. మర్యాదకి అంటోందనుకుని నేను ఖరీదు లెక్కకట్టి ఇచ్చేదాన్ని. తీసుకోకపోతే చేపలు వెనక్కి పట్టుకెళ్ళమనేదాన్ని. నిన్న నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, మీ కుళాయి కట్టేత్తారంట, నిజమేనా?"

"నా కుళాయి ఏమిటి?"

"మీ పన్నుతో ఏసిందే గదమ్మా. మాం పంతులమ్మ కుళాయనే అంటాం. మీ రసీదు ఎనకాల రాసినానని సర్పంచమ్మే సెప్పింది." నా ముఖం చూసి ఆగిపోయింది. "మీరు సూడనేదా?"

చూడలేదు. ఏ కాగితాన్నీ మర్నాటికి ఉంచకూడదని, రసీదు చేతికొచ్చిన పూటే మైదా జిగురు రాసి లెక్కల పుస్తకంలో అంటించడం నాకు నలభై ఏళ్ళ అలవాటు. అంకెలు పైకి, వెనకవైపు జిగురుకి. పేటంతటికీ తెలిసిన సంగతి నా పుస్తకంలోనే ఉండి, నాకొక్కదానికీ తెలియలేదు.

ఇంటికొచ్చి ఆ పదేళ్ళ పేజీలూ కత్తిరించి పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టాను. బాల్‌పెన్ను రాత చెరగలేదు. మాట్లాడినట్టే రాసింది. మొదటి ఏడు: "వదిన పన్ను. పేటకి పైపు, మూడు మూరలు." తర్వాతి ఏడు: "వదిన పన్ను. కుళాయి తల." ఆ తర్వాత ఒక ఏడు వాషర్లు, ఒక ఏడు మోటారు కరెంటులో కొంత. ఇంకొక దాని మీద: "ఈ ఏడు కుళాయి బాగున్నాది. వదిన డబ్బుతో కింద గచ్చు. బురదలో ముసిలోళ్ళు జారిపోతన్నారు." పదోది ఆవిడ దిగిపోయిన ఏటిది. "వదిన పన్ను, వాషరు. ఇది సదవదని తెలుసు. సదివిన రోజు తిడతాది. తిట్టినా కుళాయి కట్టెయ్యదు."

ఆవిడ పద్దు తప్పని ఇప్పటికీ అంటాను. నా ఇంటి పన్ను నా అనుమతి లేకుండా నేను వద్దన్న దానికే పదేళ్ళు రాసింది. తిట్టాను కూడా, నిన్న సాయంత్రం, ఆ పళ్ళెం ముందు కూర్చుని. కానీ నా తీర్మానంలో ఆవిడ బస్సులో చూపించని తప్పొకటి ఉంది. నెంబరు ఇవ్వని తప్పు మనది, నీళ్ళు ఆపేది వాళ్ళకి. ఎదుటి పక్షం వాళ్ళని ఓడించడం అందరూ చేస్తారు. ఆవిడ నన్ను నా పేరు మీదే పేటకి నీళ్ళిచ్చిన మనిషిని చేసి వెళ్ళిపోయింది.

ఇక జరగవలసినవి:

1. నేను రాసిన తీర్మానాన్ని గ్రామసభలో నేనే లేచి వెనక్కి తీసుకుంటాను. మావాళ్ళకి కష్టంగా ఉంటే ఓటింగు పెట్టవచ్చు. ఈసారి నా ఓటు ఆవిడ వైపు పడుతుంది.

2. పేటలో ప్రతి ఇంటికీ నెంబరు ఇవ్వాలి, పన్ను వెయ్యాలి. ఇందులో నా మాట మారలేదు. వసూలు మాత్రం వేట నిషేధం ఎత్తేసిన తర్వాత, వలలో చేప పడ్డాక. సముద్రానికీ కేలండరు తెలియదు.

3. అందాకా పేట కుళాయి ఖర్చు నాది. ఇంటి పన్నులో కలపకుండా విడిగా విరాళంగా కడతాను. విడిగా రసీదు ఇవ్వాలి.

4. ఇప్పుడు రసీదులు మిషన్ మీద వస్తున్నాయి. వెనకవైపు ఖాళీగానే ఉంటోంది. బిల్లు కలెక్టరు అక్కడ ఒక ముక్క రాసి ఇవ్వాలి. లెక్క ప్రకారం అది పద్దు కాదని తెలిసే అడుగుతున్నాను.

5. ఆ పది రసీదులూ మా ఇంటి ముందు బట్టల తీగకి క్లిప్పులు పెట్టి ఆరవేశాను, వెనకవైపు వీధికి కనబడేలా. సముద్రపు గాలికి అంకెల వైపు తిరిగిపోతున్నాయి, నేను మళ్ళీ లేచి తిప్పుతున్నాను. సభ రోజు దాకా అవి అక్కడే ఉంటాయి. ఎవరూ తియ్యవద్దు.