ఆడిటర్ సాబ్ ఫోన్

సీసా మీద లేబుల్ లేకపోతే నాజ్నీన్ దాని మూత కూడా తీయదు. కరీంనగర్ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చదివిన రోజుల నుంచి ఉన్న అలవాటు అది. చొప్పదండిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆమె ఫినాయిల్ తయారుచేస్తుంది. పైన్ ఆయిల్ డబ్బా వస్తే ముందు బ్యాచ్ నంబర్, తర్వాత తేదీ చూసి, ఆ తర్వాతే బండి లోంచి దించనిస్తుంది. అలాంటి మనిషి ఐదేళ్లపాటు తన పన్ను కాగితాలన్నీ జబ్బార్ సాబ్ చేతిలో పెట్టి, ఆయనకు లైసెన్సు ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అడగాలని ఊళ్లో ఎవరికీ తోచలేదు. బస్టాండు ముందర ఆయనది జిరాక్స్ దుకాణం. అంతకుముందు టైపిస్టు. జీఎస్టీ వచ్చిన ఏడాది ఒక కంప్యూటర్ కొన్నాడు, ఆ నెల నుంచే జనం ఆయన్ను ఆడిటర్ సాబ్ అనడం మొదలుపెట్టారు. మంచివాడు. రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి వెళ్తే, ఫోన్ నంబర్ రాయాల్సిన చోట తన నంబరే రాసేవాడు. ఓటీపీ వచ్చినప్పుడల్లా పని మానుకుని మీరెక్కడ పరిగెత్తుకొస్తారు అనేవాడు. అది అందరికీ సుఖంగానే ఉండింది.

ఆయన రెండు నెలల కింద కిడ్నీలు పాడై చనిపోయాడు. అంతకుముందు ఎనిమిది నెలలు డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు కరీంనగర్ వెళ్లి వచ్చాడు. ఆ ఎనిమిది నెలలూ ఎవరి రిటర్నులూ వేయలేదు. వేయలేదన్న మాట ఎవరికీ చెప్పలేదు.

నాజ్నీన్‌కు ఆ సంగతి హాస్టల్ ఆఫీసులో తెలిసింది. ఆమె సరుకు మూడు హాస్టళ్లకు వెళ్తుంది. కొత్త ఏడాది ఆర్డర్ కోసం వెళ్తే అక్కడి గుమస్తా ఆమె జీఎస్టీ నంబర్ కంప్యూటర్‌లో కొట్టి, తెరను ఆమె వైపు తిప్పాడు. రిజిస్ట్రేషన్ రద్దయినట్టు చూపిస్తోంది. నెలాఖరు దాకా ఆగుతానని, అప్పటికి నంబర్ మళ్లీ నడవకపోతే ఆర్డర్ ఇంకొకరికి పోతుందని చెప్పాడు. ఆ మూడు హాస్టళ్లు పోతే షెడ్డుకు తాళం వేయడమే.

ఆమె సరే అంది. భుజం మీద మూడు నెలల ఫర్దీన్ నిద్రపోతున్నాడు. తిరుగు బస్సులో వాడి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూచుంది. గంగాధర రోడ్డు మలుపు వచ్చేలోపు ఆరుసార్లు చూసింది. కాన్పు అయిన నాటి నుంచి ఆమెకు ఆ ఒక్క భయమే మిగిలింది. తక్కినవేవీ లోపలికి దిగడం లేదు. పెద్దది యుమ్నా బడిలో బహుమతి తెచ్చుకున్నా, పాలు పొంగిపోయినా, మొగుడు ఫయాజ్ ట్రాలీ ఆటో గోడకు గుద్దుకున్నా ఒకే రకంగా చూసింది. రద్దయిందన్న సంగతీ అలాగే చెప్పింది. ఫయాజ్ తల పట్టుకుని గడప మీద కూలబడ్డాడు. ఆమె బియ్యం కడిగింది.

మర్నాడు బస్టాండు దగ్గర ఇంకో ఆడిటర్ ఉన్నాడంటే వెళ్లింది. అంతా తాను చూసుకుంటానని, ఫికర్ చేయొద్దని ఆయన చాయ్ తెప్పించాడు. మీ సీఏ మెంబర్‌షిప్ నంబర్ ఎంత అని ఆమె అడిగింది. ఆయన నవ్వి బయటి బోర్డు చూపించాడు. ఆమె చాయ్ తాగి లేచి వచ్చేసింది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వెబ్‌సైట్ తెరిచి, కరీంనగర్ వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చూసింది. అలా దొరికింది మమతారాణి.

కరీంనగర్ మంకమ్మతోటలో మేడ మీద రెండు గదుల ఆఫీసు. గోడ మీద సర్టిఫికెట్, దాని మీద ఆరంకెల నంబర్. నాజ్నీన్ ఫోన్‌లోని అంకెలనూ గోడ మీది అంకెలనూ రెండుసార్లు పోల్చి చూస్తుంటే మమతారాణి పని ఆపి ఆగింది.

"చూసుకో అమ్మా. చూసుకునేటోళ్లే తక్కువ."

తర్వాత మమతారాణి సంగతంతా విడమర్చి చెప్పింది. రద్దు ఎత్తేయమని అర్జీ పెట్టడానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది. దానికంటే ముందు, రద్దయ్యేదాకా ఆగిపోయిన ఏడు నెలల రిటర్నులు, నెలకు రెండు చొప్పున వేయాలి. ప్రతిదానికీ సంతకం కింద ఓటీపీ కావాలి. అది రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్‌కే వస్తుంది. ఆ నంబర్ మార్చుకోవాలంటే ముందు రిజిస్ట్రేషన్ బతకాలి.

"ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

"ఆయన భార్య దగ్గర. ఇద్దత్‌ల ఉన్నది."

మమతారాణికి ఆ మాట తెలియకపోతే నాజ్నీన్ వివరించింది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలదు, పరాయి మగవాళ్ల ఎదుటికి రాదు.

"నువ్వు ఆడమనిషివే గదా," అంది మమతారాణి.

జబ్బార్ సాబ్ ఇంటి వాకిలికి పరదా దించి ఉంది, ముందు అరుగు మీద నలుగురు దుకాణందారులు కూచుని ఉన్నారు. అందరివీ అదే బాధ. హార్డ్‌వేర్ నాగయ్య నాజ్నీన్‌ను చూసి లేచి చోటిచ్చాడు.

"వారం సంది ఈ పరదాతోనే మాట్లాడుతున్నం చెల్లె. అది మాకు జవాబిస్తలేదు. నువ్వన్న లోపలికి పోయి మా మాట చెప్పు."

వెంట వచ్చిన ఫయాజ్ కూడా ఆ అరుగు మీదే ఆగిపోయాడు. ఆమె బిడ్డను ఎత్తుకుని పరదా తొలగించుకుని లోపలికి వెళ్లింది.

సలీమా చాప మీద కూచుని ఉంది. తెల్ల దుపట్టా, చేతులకు గాజులు లేవు. ఆమెది నిర్మల్ పక్కన పల్లె, ఉర్దూ కన్నా తెలుగే ముందు వస్తుంది. గూట్లో మందుల డబ్బా పక్కన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. నాజ్నీన్ కూచునేలోపే రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"అందరు ఓటీపీ అంటరు. నాకు సమజ్ కాలే," అంది సలీమా. "ఆయన మీకు ఏం తప్పు చేసిపోయిండో అని భయమై ఎత్తుతలేను. అట్లని బంద్ చెయ్య బుద్ధయితలేదు."

తప్పు చేయలేదు అనడానికి నాజ్నీన్‌కు నోరు రాలేదు.

"మాకు చెప్తే అయిపోవు గదా చాచీ. రోగంల ఉన్న మనిషిని ఎవరేమంటరు?"

"చెప్తే ఆడిటర్ సాబ్ అనరు గద బేటీ."

సలీమా లేచి ట్రంకు పెట్టె లోంచి ఒక పొడుగు పుస్తకం తెచ్చింది. వరసగా దుకాణాల పేర్లు, పక్కన పాస్‌వర్డులు, టైపు కొట్టినంత నీటైన రాత. నాజ్నీన్ తన పేరు వెతుక్కుంది. పక్కన యుమ్నా అని, దాని వెనక నాలుగంకెలు. నాగయ్యకు ఎదురుగా ఆయన కొడుకు లక్ష్మణ్. రిజిస్ట్రేషన్‌కు వెళ్లిన రోజు ఆయన పిల్లల పేర్లు ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది.

కరీంనగర్‌లో మమతారాణి కంప్యూటర్ ముందు, ఇక్కడ నాజ్నీన్ తన ఫోన్ చెవికి ఆనించుకుని. చేతులు ఖాళీ కావాలి కాబట్టి బిడ్డను సలీమా ఒళ్లో పెట్టింది. ఓటీపీ వస్తే సలీమా అంకెలు చదవాలి, నాజ్నీన్ వాటిని ఫోన్‌లోకి చెప్పాలి. మొదటిసారి సలీమా ఒక అంకె వదిలేసింది. రెండోసారి మమతారాణి టైపు చేసేలోపు టైమ్ దాటిపోయింది. ఐదోదానికి ఇద్దరూ ఒక లయకు వచ్చారు. ఓటీపీకీ ఓటీపీకీ మధ్య నాజ్నీన్ చేయి చాచి ఫర్దీన్ ముక్కు కింద వేలు పెట్టడం సలీమా చూస్తూనే ఉంది. ఆలస్యపు రుసుము అరుగు మీద నుంచే ఫయాజ్ తన ఫోన్‌లో కట్టాడు. సాయంత్రం అసర్ నమాజుకు ముందు పద్నాలుగూ అయ్యాయి. పదిహేనోది అర్జీ. అది వెళ్లిందని మమతారాణి చెప్పినప్పుడు నాజ్నీన్ సరే మేడం అంది, అంతే.

రిజిస్ట్రేషన్ బతికేదాకా సిమ్ బతికుండాలని నాజ్నీన్ సలీమాకు చెప్పింది. మరిది బంద్ చేయిస్తానన్నాడని, తాను వద్దంటానని సలీమా అంది. పరదా వైపు చూస్తూ ఇంకో మాట చేర్చింది.

"బయటోళ్లకు చెప్పు. వాళ్ల ఇండ్లల్ల ఆడోళ్లను పంపుమను."

నాజ్నీన్ బయటికొచ్చి ఆ మాట చెప్పి, ఒక చిట్టీ మీద మమతారాణి ఆరంకెల నంబర్ రాసి నాగయ్యకు ఇచ్చింది. ముందు ఫోన్‌లో ఈ నంబర్ చూసుకో, తర్వాతే ఆఫీసుకు పో అని చెప్పింది.

పన్నెండో రోజు రద్దు ఎత్తేసినట్టు కాగితం వచ్చింది. హాస్టల్ గుమస్తా నంబర్ కొట్టి చూసి ఆర్డర్ రాసిచ్చాడు. నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి. ఫయాజ్ బండిలో డబ్బాలు ఎక్కిస్తూ ఏదో పాట అందుకున్నాడు. నాజ్నీన్ లేబుళ్లు అంటించింది. సంతోషం వస్తుందేమోనని చూసింది, రాలేదు. రాకపోయినా చేయి ఆగలేదు.

ఆ సాయంత్రం ఆఖరి ఓటీపీ కోసం వెళ్లింది, ఫోన్ నంబర్ మార్చుకోవడానికి. సలీమా ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని, అంకెలు రెండేసి కలిపి చదువుతోంది. పని అయ్యాక పుస్తకం తెరిచి పెన్సిల్ నాజ్నీన్ చేతికిచ్చింది.

"నువ్వే గీత కొట్టు బేటీ. నాకు చెయ్యి రాదు."

నాజ్నీన్ తన వరస మీద గీత గీసింది. కింద ఇంకా ముప్పై పేర్లున్నాయి.

పరదా కదిలింది. నాగయ్య భార్య రామవ్వ చెప్పులు గడప బయట విడిచి, కొంగులో చిట్టీ పట్టుకుని లోపలికొచ్చింది. ఎక్కడ కూచోవాలి అక్కా అని అడిగింది. సలీమా చాప మీద జరిగి చోటిచ్చింది. ఆమె ఒళ్లో ఫర్దీన్ నిద్రపోతున్నాడు. గూట్లో ఫోన్ మోగింది. సలీమా దాన్ని అందుకోబోయే ముందు, అలవాటైన పనిలా, వాడి ముక్కు కింద వేలు పెట్టి చూసింది.

నాజ్నీన్ తన చేయి ముందుకు చాచలేదు. గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకుంది.