నాలుగో ప్రయత్నం బొమ్మిడిలో ఉంది

ఎనిమిది రికార్డుల జాజ్ పెట్టెను మా బావా నేనూ చెరి నాలుగుగా పంచుకున్నామని చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. పొలాలు పంచుకుంటారు, ఇళ్ళు పంచుకుంటారు, బిందెలూ పంచుకుంటారు. తమిళనాడు ధర్మపురిలో నాది పాత్రల అంగడి కాబట్టి, అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఇత్తడి సామాను తూకం చూడటానికి నన్నే పిలుస్తారు. కానీ ఒక వాద్యబృందం కొన్నేళ్ళపాటు రికార్డు చేసినదంతా వరుసగా కూర్చి, మందపాటి అట్టపెట్టెలో అమర్చి, వెనక చేత్తో నంబరు వేసి, కొద్దిమందికే అమ్మిన వస్తువును సగానికి చీల్చినవాళ్ళు మేమిద్దరం తప్ప ఇంకెవరూ ఉండరు.

బావ అంటే మా అక్క భర్త. బొమ్మిడిలో చింతపండు మండీ ఉంది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను పదో తరగతి తప్పి ఇంట్లో మొహం చూపించలేక తిరుగుతున్న రోజుల్లో, అక్కను కొత్తగా చేసుకున్న ఈయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాలేజీ హాస్టల్లో ఎవరో ఇచ్చిన క్యాసెట్టు ఒకటి పెట్టి, "ఊరికే వినరా, అర్థం చేసుకోవాలని చూడొద్దు" అన్నాడు. పరీక్ష సంగతి ఒక్క మాట ఎత్తలేదు. అప్పటినుంచి ఈ సంగీతం నాకు ఆయన పక్కన కూర్చుంటేనే చెవికెక్కుతుంది.

పెట్టెను ఇద్దరం కలిసే తెప్పించుకున్నాం. ప్లేయరు మాత్రం మా ఇంటి మేడమీది గదిలో ఉంచాం. బొమ్మిడిలో ఆయన ఇల్లు రైలుపట్టాల పక్కనే, బండి పోయినప్పుడల్లా సూది ఎగిరి ఇంకెక్కడో పడుతుంది. ఆదివారం నా అంగడికీ ఆయన మండీకీ సెలవు. పొద్దున బస్సెక్కి పది గంటలకల్లా వచ్చేవాడు. వచ్చీరాగానే సబ్బుతో చేతులు కడుక్కోమనేవాణ్ణి, ఎందుకంటే ఆయన వేళ్ళకు ఎప్పుడూ చింతపండు జిగురే. "గుడికి పొయ్యేటప్పుడు కూడా ఇంత కడుక్కోను కదరా" అని సణుగుతూనే మోచేతులదాకా కడుక్కునేవాడు. వారానికి ఒక రికార్డు, రెండు వైపులా. సూది నడుస్తున్నంతసేపు మాటలు లేవు. ఎనిమిది వారాల్లో పెట్టె అయిపోతే మళ్ళీ మొదటినుంచి.

ఇటువంటి పెట్టెల్లో ఒక్కో పాట ఎన్నిసార్లు వాయించారో అన్నిసార్లూ ఉంటుంది. మధ్యలో చెడిపోయి ఆగిపోయినవి కూడా దాచరు. మా ఆవిడకు అది మొదటినుంచీ వింత. "ఒకే దోశను మూడుసార్లు తింటా ఉండారు, పైగా మాడిపోయింది కూడా" అనేది. శాక్సఫోన్ మొదలైతే, "ఆవు ఈనతా ఉంది, చూసుకోండి" అంటూ మెట్లు దిగిపోయేది.

నాది పాత్రల చెవి. బిందెను వేలి కణుపుతో కొట్టి, కంటికి కనబడని చీలిక ఉందో లేదో చెప్పగలను. ఆ చెవితోనే తాళం ఎక్కడ జారిందో, ఎవరు ఒక్క అర క్షణం ముందు వచ్చారో పట్టుకునేవాణ్ణి. బావ చెవి వేరు. ఆయన మనుషుల్ని వినేవాడు. పెట్టెతోపాటు వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, కళ్ళజోడు సవరించుకొని, ఏ రోజున ఎవరెవరు వాయించారో ముందు చదివేవాడు. ఒక వైపు అయిపోయాక, "డ్రమ్ములాయనకు పొద్దున్నే ఇంట్లో ఏమో అయినట్టుంది, చూడు ఎట్ల కొడతా ఉండాడో" అనేవాడు. నిజమో అబద్ధమో ఎవరు చెప్పొచ్చారు! కానీ రెండోసారి విన్నప్పుడు నాకూ అలాగే వినిపించేది.

ఇంత బాగా నడుస్తున్నదాన్ని నా నోరు చెడగొట్టింది. మా వాళ్ళలో మేనరికం ఇంకా ఉంది. మా అమ్మాయిని అక్క కొడుక్కి ఇస్తామని పిల్లలు ఉయ్యాల్లో ఉన్నప్పుడు అందరూ అనుకున్న మాటే. పెద్దయ్యాక మా అమ్మాయి వద్దంది. వాడికీ ఆ ఆలోచన లేదు. వాళ్ళిద్దరూ ఫోన్లో మమ్మల్ని తలుచుకొని నవ్వుకునేవాళ్ళని నాకు తెలుసు. ఆ సంగతి బావకు మెల్లగా చెప్పాల్సింది నేను. ఈ వారం, వచ్చే వారం అంటూ నెట్టుకొచ్చాను. ఒక ఆదివారం అయిదో రికార్డు మొదటి వైపు అయ్యింది. దాన్ని తిప్పి వేయబోతూ, "పిల్లల సంగతి ఎప్పుడు మాట్లాడుదాం?" అని ఆయనే అడిగాడు.

నా కోపం సంగతి మా వీధి వీధికంతా తెలుసు. ముందు అది వచ్చేస్తుంది, కారణం తర్వాత వెతుక్కుంటాను. ఆ రోజు కోపం నిజానికి నామీద నాకే. "పాటలు వినేదానికి వస్తే వినుకోని పో బావా. సంబంధం మాట్లాడేదానికైతే రావొద్దు" అనేశాను.

ఆయన రికార్డును ప్లేయరుమీద పెట్టలేదు. కవర్లోకి తోశాడు. "అట్లనా. అయితే నా సగం నాకిచ్చెయ్" అన్నాడు.

ఇచ్చేశాను. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది ఆయనకు. ఒకటి, మూడు, అయిదు, ఏడు నాకు. పెట్టె నా దగ్గరుంది కాబట్టి పుస్తకం ఆయనకు. బిందెలు పంచినంత న్యాయంగా పంచాను. ఆయన ఇంట్లో ప్లేయరు లేదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. గుడ్డసంచీలో నాలుగు రికార్డులు పెట్టుకొని ఆయన మెట్లు దిగుతుంటే, వాటితో ఏం చేసుకుంటావో చేసుకో అని మనసులో అనుకున్నాను కూడా. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఎనిమిది నెలలు ఆయన రాలేదు. మొదటి రెండు వారాలు పంతానికి నేనొక్కణ్ణే కూర్చుని విన్నాను. మొదటి రికార్డు రెండో వైపున చివర్లో ఒక నెమ్మది పాట ఉంది. మొదటి ప్రయత్నంలో బాకా గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. రెండోది బాగానే నడిచి ఎవరో నవ్వడంతో చెడుతుంది. మూడోది సగంలో తెగిపోతుంది. అక్కడితో రికార్డు అయిపోతుంది. నాలుగో ప్రయత్నం బొమ్మిడిలో ఉంది. ఫోన్లో వెతికితే ఎక్కడైనా దొరుకుతుందని మా అమ్మాయి అంది. దొరికేదేమో, నేను వెతకలేదు. తర్వాత మేడమీదికి పోవడమే మానేశాను.

ఒకరోజు అక్క ఫోను చేసి ఆ మాటా ఈ మాటా చెబుతూ, "ఆదివారం పది అయితే ఆ నాలుగూ బయటికి తీస్తాడురా. మెత్తని గుడ్డతో తుడిచి, ఆ పుస్తకం చదివి నాకు చెప్తాడు. నాకేమి తెలుసు, ఊఁ అంటా కూర్చుంటా" అంది. ఫోను పెట్టేశాక అంగట్లో గల్లాపెట్టె ముందే కూర్చుండిపోయాను. బేరానికి వచ్చినామె రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయింది.

ఇంతలో మా అమ్మాయికి హోసూరు వైపు సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి అక్క ఒక్కతే వచ్చింది. బావకు మండీలో పని అని చెప్పింది. అది ఆదివారం. మండీ ఉండదని అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళి పత్రికలు అచ్చయి వచ్చాయి. దేవుడి దగ్గర పెట్టాక మొదటి పత్రిక ఆడపడుచు ఇంటికే పోవాలి. ఆ ఇల్లు దాటి ఇంకో ఇంటికి పత్రిక ఇవ్వడం మా వంశంలో లేదు. ఆయన తీసుకోకపోయినా పెళ్ళి ఎలాగో జరుగుతుంది, కానీ నా బావ నాకు ఇక లేనట్టే.

పత్రికలొచ్చిన మరుసటి ఆదివారం బయల్దేరాం. మా ఆవిడ పళ్ళెం, పండ్లు, పూలు, పసుపు కుంకుమ సర్దుకుంది. నేను ప్లేయరును దుప్పట్లో చుట్టి కారెక్కించాను, నా నాలుగు రికార్డులున్న పెట్టె కూడా. "పత్రిక ఇచ్చేదానికి పోతా ఉండామా, కాపురం పెట్టేదానికా?" అంటూనే ఆవిడ ఒక స్పీకరును బొమ్మిడిదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బావ వసారాలో ఉన్నాడు. "రామ్మా" అని మా ఆవిణ్ణి పిలిచాడు, నావైపు చూడలేదు. దుప్పట్లోంచి ప్లేయరు బయటికి వచ్చాక మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"రైలొస్తాదని తెలీదా నీకు?"

"వస్తే రానీ. మళ్ళా పెడదాం" అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినిపించింది, సబ్బు వాసన వచ్చింది. రెండో రికార్డును తెల్లని పంచె గుడ్డలోంచి విప్పి తెచ్చాడు. ఒక్క గీత లేదు. నాలుగో ప్రయత్నం మొదలైంది. మూడోదానికంటే నింపాదిగా పట్టుకున్నారు. బాకా ఊదే ఆయన రావాల్సిన చోట రాలేదు, తక్కినవాళ్ళు ఏమీ తొందరపడకుండా ఆయనకోసం అక్కడే తిరుగుతూ ఉన్నారు. మధ్యలో సేలం బండి రానే వచ్చింది, సూది ఎగిరింది. బావ దాన్ని ఎత్తి, బండి పోయేదాకా పట్టుకుని, మళ్ళీ మొదట పెట్టాడు. రెండు వైపులూ అయ్యేదాకా అక్కతో కలిపి నలుగురం ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆవిడ కూడా.

సూది ఆగాక ఆయన, "పత్రికను ఎంతసేపు సంచిలో పెట్టుకోని కూర్చుంటావు? ఇయ్యి" అన్నాడు.

ఇద్దరం పళ్ళెంలో పెట్టి ఇచ్చాం. ఇంట్లో మాట తెలుగే అయినా పత్రిక అరవంలో వేయిస్తాం, చదివేవాళ్ళు కావాలి కదా. ఆయన వేలు పెట్టి కింద పెద్దల పేర్లదాకా చదివి ఆగిపోయాడు. అక్కడ మొదటి పేరు ఆయనదే. మాటల్లేని ఎనిమిది నెలల తర్వాత కూడా, రాసిచ్చేటప్పుడు నాకు ఆ చోట ఇంకో పేరు తోచలేదు.

"నన్ను అడక్కుండానే వేసినావే."

"అడిగితే వద్దంటావని" అన్నాను. "ఆ దినం నేనన్న మాట తప్పు బావా. పిల్లల సంగతి నీకు ముందే చెప్పకుండా దాచినాను. అదీ తప్పే."

"పిల్లల సంగతి పిల్లలది. పోనీ." పత్రికను మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లూ నేను పాటల కోసరం వస్తా ఉండానని అనుకుంటివే, అదిరా నాకు నొచ్చింది."

"నేను మాత్రం ఎవరి కోసరం వింటా ఉండాననుకున్నావు బావా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచాడు. తర్వాత మా ఆవిణ్ణి చూసి, ముహూర్తం ఎన్ని గంటలకమ్మా అని అడిగాడు.