మగ్గం నూనె పోసిన రంపం

పొద్దున ఆరింటికి మా ట్రక్కు కొంతం చౌక్‌లో ఆగింది. వాన ఇంకా వదల్లేదు. లోపలికి బండి పోదు, సామాను భుజానికెత్తుకోండని సుబేదార్ సాబ్ ఆర్డరిచ్చారు. తాళ్లు, గడ్డపారలు, రెండు గొడ్డళ్లు, ఒక చేతిరంపం, ఒక రేడియో సెట్టు. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ఆర్మీ సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను. వరద డ్యూటీ మీద సొంత ఊరికి రావడం మాత్రం అదే మొదలు. మా మగ్గాల పేట, భవాని పేట్ సందులు తెలిసినవాణ్ణి గనక నన్నే ముందు నడవమన్నారు. ఛాతీ కాస్త ఉబ్బిన మాట నిజం.

కరెంటు తీసేశారు. మగ్గాల చప్పుడు లేని భవాని పేట్‌ను నేనెప్పుడూ ఎరగను. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు మిగతా జవాన్లను వదిలేసి నన్నే చూస్తున్నారు. మన శీనుగాడొచ్చాడన్న కబురు మాకంటే ముందు సందు చివరికి చేరింది.

సందు చివర గుల్‌మొహర్ చెట్టు కూలి మా పెద్దమ్మ ఇంటి మీద పడింది. పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. బీడీలు చుట్టుకుని ఒంటరిగా బతికే మనిషి. ఉన్నది ఒకే గది, ఒకే తలుపు. సరిగ్గా ఆ తలుపుకే మొద్దు అడ్డం పడింది. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. ఆ ఖాళీలోంచి చూస్తే లోపల నీళ్లు ఆమె నడుము దాకా ఉన్నాయి.

"ఎవల్రా అది?"

"నేనే పెద్దమ్మా, శీనుని."

"శీనువా? ఐతే నాకేం ఫికర్ లేదు బిడ్డా."

గొడ్డలి వేస్తే దెబ్బ దెబ్బకీ గోడ మట్టి రాలింది. సుబేదార్ ఆపించారు. చేతిరంపం తడి మొద్దులో ఇరుక్కుంది. మా పెట్రోల్ రంపాలు వాగు అవతల పనిచేస్తున్న ఇంకో జట్టు దగ్గరున్నాయి. రేడియో ఆపరేటర్ అడిగాడు. "రంపం కావాలి, ఓవర్." జవాబు వచ్చింది. "సాయంత్రం దాకా రాదు. ఉన్నదాంతో కానివ్వండి, ఓవర్."

అప్పుడు మామకు గుర్తొచ్చింది. వరసకు మామ, పక్కనే పవర్‌లూమ్ కార్ఖానా ఆయనది. నూలుకు గంజి పట్టే బాయిలర్ కట్టెల మీద నడిచిన కాలంలో వాళ్ల నాన్న కొన్న పెట్రోల్ రంపం ఒకటి అటక మీద ఉందన్నాడు. దించాం. విదేశీ సరుకు. నా వయసు కంటే పాతది. ఎర్రరంగు పెచ్చులూడిపోయింది. లాగే తాడు ముట్టుకుంటే పొడైంది.

మా మెకానిక్ నాయక్ గఢ్వాల్ మనిషి. మాట తక్కువ. రంపాన్ని కార్ఖానాలో బల్ల మీద పెట్టి విప్పాడు. కార్బురేటర్‌లో పాత పెట్రోలు బంకలా గడ్డకట్టి ఉంది. కడిగి, నోటితో ఊది, జెట్‌లోంచి వెలుతురు కనపడేదాకా చూశాడు. పగిలిన పెట్రోలు పైపు తీసి మోటార్ సైకిల్ పైపు బిగించాడు. లాగే తాడుకు జాకార్డ్ మగ్గం తాడు కట్టాడు. ప్లగ్గును ఇనుముకు ఆనించి లాగితే నిప్పురవ్వ వచ్చింది. ఇక కావలసింది పెట్రోల్లో కలిపే టూ స్ట్రోక్ నూనె. చౌక్‌లో దొరుకుతుందేమో చూడమని నన్ను పంపాడు. దొరక్కపోతే వచ్చి చెప్పమన్నాడు.

చౌక్‌లో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తిరిగొచ్చి కార్ఖానాలో మగ్గం నూనె డబ్బా అందుకున్నాను. మా ఇళ్లలో అంతే. కుట్టుమిషనైనా, సైకిలైనా, కిర్రుమనే తలుపైనా మందు ఒకటే. మగ్గానికి నూనె దగ్గర పిసినారితనం పనికిరాదనేవాడు మా నాన్న. నాయక్ అటు తిరిగి గొలుసు పళ్లకు ఆకురాయి పడుతున్నాడు. దొరికిందా అని అడిగాడు. దొరికిందన్నాను. కలిపెయ్యమన్నాడు. నాన్న మాట తలచుకుని ధారాళంగా పోశాను.

నాలుగోసారి తాడు లాగితే రంపం అందుకుంది. సందంతా నీలం పొగ. గుమ్మాల్లోంచి ఈలలు వేశారు, నా పేరు పెట్టి అరిచారు. నాయక్ మొద్దులోకి దించాడు. సగం దాటింది. ముప్పావు దాకా పోయింది. అక్కడ దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. మొద్దు కిందికి కుంగింది. ఆ బరువుకి తలుపు దబ్బున మూసుకుంది.

"ఎందుకు బందైంది బిడ్డా?" అంది పెద్దమ్మ లోపలి నుంచి. మళ్లీ ఆమె గొంతు వినిపించలేదు.

నాయక్ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. చల్లారేదాకా ఆగే వ్యవధి లేదు. సైలెన్సర్ మీద రేకు ఎప్పుడో ఊడిపోయింది. ప్లగ్గు విప్పబోతే పానా జారి అతని కుడి అరచెయ్యి సైలెన్సర్‌కు అంటుకుంది. ఆ చప్పుడు నాకు వినిపించింది. చెయ్యి విదిలించి, అదే చేత్తో ప్లగ్గు తీసి, నూనె ఎక్కువై పట్టిన మసి గీకి, ట్యాంకు ఒంపేసి, కొత్త పెట్రోల్లో అదే నూనెను సీసా మూతతో కొలిచి కలిపాడు. ఈసారి పొగ రాలేదు.

మొద్దు రెండయ్యింది. తలుపు లాగాం. పెద్దమ్మ బీడీ ఆకు చాట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. ఆకు తడవలేదు. జవాన్లందరినీ దాటుకుని వచ్చి నా గడ్డం పట్టుకుంది.

మిక్చర్ ఎవరు కలిపారని సుబేదార్ అడిగారు. నాయక్ తన తప్పేనన్నాడు. కాదు సాబ్, నాదని నేను ముందుకొచ్చాను. తర్వాత చూద్దామన్నారు. ఆ ‘తర్వాత’ రానేలేదు.

ఎందుకంటే అప్పటికే మామ కొబ్బరికాయ, కొత్త దుప్పటి పట్టుకొచ్చాడు. మా ఊళ్లో ఎవరికి సత్కారం చేసినా మగ్గం మీది దుప్పటి కప్పాల్సిందే. నా భుజాల మీద కప్పాడు.

"మామా, పెద్దమ్మను బయటికి తీసింది నేను కాదు. నేను పోసిన నూనెతోటే మిషన్ బందైంది. నాయక్ సాబ్‌కు కప్పు."

మామ నవ్వాడు. "సూడుండ్రి, ఫౌజ్‌ల ఉన్నా గర్వం లేదు పోరనికి."

అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెబితే దాన్ని కూడా నా మంచితనం కింద జమకట్టారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. దుప్పటి తీసేద్దామంటే పెద్దమ్మ దాని అంచు పట్టుకుని ఏడుస్తోంది.

చీకటి పడకముందే ట్రక్కు ఎక్కాం. దుప్పటి నాయక్‌కు ఇవ్వబోయాను. మీ ఇంటి బట్ట, నువ్వే కప్పుకోమన్నాడు. నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు లేదు.

పెన్షన్ తీసుకుని ఇప్పుడు జోడ్‌భావి పేట్‌లో ఉంటున్నాను. పెద్దమ్మ బతికే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పి, పెట్టెలోంచి దుప్పటి తెమ్మంటుంది. నూనె సంగతి నేను ప్రతిసారీ చెబుతాను. వాళ్లు ప్రతిసారీ నవ్వుతారు. నాకు మాత్రం ఆ రోజటి చప్పట్ల మధ్య నాయక్ కనిపిస్తాడు. కాలిన చెయ్యి వానలోకి చాపి, ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకుంటూ, అతనూ నాకు చప్పట్లు కొడుతున్నాడు.