తొమ్మిది దాటాక ఫోను

మా పెదనాన్న టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. రాత్రి తొమ్మిది దాటాక చావు కబురు తప్ప మరే కబురూ తీగ ఎక్కరాదని ఆయన శాసనం. బంధుకోటి యావత్తూ దానికి కట్టుబడి ఉండేది.

ఒకరోజు పొద్దున ఆయన తమ్ముణ్ణి, అంటే మా నాన్నని, నలుగురిలో "చవటా" అనేశాడు. తెల్లారితే నాన్న ఉద్యోగం మీద ఆరు నెలలు దూరం వెళ్తున్నాడు. సాయంత్రమంతా పెదనాన్న ఫోను చుట్టూ తిరిగాడు. రిసీవరు ఎత్తాడు, పెట్టాడు, లేని దుమ్ము తుడిచాడు.

"చేసేయరాదూ, మీ తిరుగుడు చూసి నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది పెద్దమ్మ.

మాటలు కూడదీసుకునేసరికి తొమ్మిదీ పది అయింది. శాసనకర్త స్వహస్తంతో నంబరు తిప్పాడు.

అవతల ఎత్తింది మా అమ్మ. "ఎవరు పోయారు బావగారూ?" అంది.

"ఎవరూ పోలేదమ్మా. వాణ్ణి పిలు."

నాన్న వచ్చాడు. "వదిన బాగుందా అన్నయ్యా?"

"నిక్షేపంలా ఉంది, పక్కనే నిలబడి వింటోంది. పొద్దున నోరు జారానురా. మనసులో పెట్టుకుని వెళ్లకు."



"నేనూ చేద్దామనే కూర్చున్నాను. గడియారం చూసి ఆగిపోయాను," అన్నాడు నాన్న.

ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ పదకొండింటిదాకా మాట్లాడుకున్నారు. ఆ మాటల్లో ముఖ్యమైన సంగతి ఒక్కటీ లేదు.