నా ఎడమకాలూ, మా నాన్న బెంగాలీ

ఆ రోజుల్లో మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో, కనీసం మా వరసలో, గోడ గడియారం ఎవరికీ పెద్దగా పనికొచ్చేది కాదు. తెల్లవారేసరికి మా నాన్న పూజగంట మోగేది. అది వినగానే పక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ పిన్నిగారు, మా కాకీమా, పొయ్యి మీద అన్నం ఎసరు పెట్టేది, ఎదురింటి డ్రైవరుగారు గడ్డం గీసుకోవడం మొదలుపెట్టేవారు. వర్క్‌షాపు సైరన్ ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా కూసేది. నేనొక్కదాన్నే తలగడ చెవుల మీద అదుముకుని మళ్ళీ పడుకునేదాన్ని. "ఆ అప్పన్న దేవుడికి చెవుడా నాన్నా, అంత గట్టిగా కొడతావు?" అని ఒకసారి అరిచాను. "సెవుడు ఆయనకి కాదే గుంటా, నీకు. నువ్వు లెగాల కదా," అన్నాడు గంట ఆపకుండానే. పొద్దున పూజ, సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి పూజ. పూజ కానిదే టీ చుక్క ముట్టడు. జ్వరం వచ్చినా, సమ్మె వచ్చినా అంతే. వర్క్‌షాపులో బెంగాలీవాళ్ళు ఆయనకి 'ఘొంటాదా' అని పేరు పెట్టారు. గంట అన్నయ్య అన్నమాట. (ఆ మాటకి బెంగాలీలో 'గాడిదగుడ్డు' లాంటి అర్థం కూడా ఉందని అందరికీ తెలుసు, నాన్నకి తప్ప.)

నాన్నకి రెండు గర్వాలు. ఒకటి, తను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కావడం. రెండోది, తన బెంగాలీ. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో దిగినవారు. నాన్న ఇక్కడే పుట్టి పెరిగినా, బెంగాలీ మాత్రం షాపు లోపల, మిషన్ల రొదలో నేర్చుకున్నాడు. ఆ రొదలో సగం మాట వినబడేది, మిగతా సగం తెలుగులోంచి తెచ్చి అతికించుకునేవాడు. ఎదుటివాళ్ళు హిందీలో మొదలుపెట్టినా సరే, చెయ్యి పట్టుకుని బెంగాలీలోకి లాక్కుపోయేవాడు. "నీ బెంగాలీ ఇని బెంగాలోళ్ళు నీకు ఒడియా బాగా వొచ్చు అనుకుంతన్నారు," అనేది అమ్మ. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఇక నా సంగతి. డిగ్రీ అయ్యాక ప్రేమ్ బజార్‌లో ఒక టైపింగ్, బైండింగ్ షాపులో చేరాను. పక్కనున్న పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు రాసిన లావుపాటి థీసిస్ పుస్తకాలని నేను టైపు చేసి అట్టలు వేయించేదాన్ని. నాకు అర్థమైన వాక్యం వాటిలో ఒక్కటీ లేదు గానీ, సంపాదిస్తున్నానన్న పొగరు మాత్రం నిండా ఉండేది. ఆ పొగరుతోనే ఒక వానాకాలం ఉదయం, పూరీ గేట్‌లో ఎక్కిన టోటో బజారు దగ్గర ఇంకా ఆగకముందే, రన్నింగ్ ట్రైన్ దిగే కుర్రాళ్ళలాగా స్టైలుగా దూకాను. (టోటో అంటే మా ఊళ్ళో తిరిగే బ్యాటరీ బండి. దానికంటే నడిచేవాళ్ళు ముందు చేరతారు.) నా చున్నీ మాత్రం బండిలోనే ఉండిపోయింది. నన్ను గిరుక్కున తిప్పి రోడ్డు పక్క మురిక్కాలవలో పడేసింది. కాలవ గట్టుకి కొట్టుకున్న ఎడమకాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగి, ఒకటి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. తెల్లగా ఉంది. నాకంటే ముందు టోటో అతనే ఏడ్చేశాడు.

ఆసుపత్రిలో అడిగినవాళ్ళందరూ ఒకటే అడిగారు. "లారీయా? బైకా? రైలా?" టోటో అని చెప్పినప్పుడల్లా వాళ్ళు మొహం పక్కకి తిప్పుకునేవారు. కాలనీలో పిల్లలు అప్పటినుంచీ నన్ను 'టోటో దీదీ' అనడం మొదలుపెట్టారు, ఇప్పటికీ మానలేదు. కానీ పెద్ద డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఆయన కాలు కడిగి, బురద తీసి, ఎముకల్లోకి సూదులు దింపి, వాటిని బయట స్టీలు రాడ్లకి బిగించారు. తర్వాత నా మంచం పక్కన నిలబడి హిందీలో మెల్లగా చెప్పారు. "మురుగునీళ్ళు లోపలికి పోయాయమ్మా. ఎముకకి ఇన్ఫెక్షన్ పట్టిందంటే అంత తొందరగా వదలదు. చచ్చిన ముక్క లోపల ఉండిపోతే మందులు అక్కడికి చేరవు. ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది. జాగ్రత్త." ఆ మాటతో నా పొగరంతా దిగిపోయింది. ఆ రోజు నుంచి నాకు కాలు తప్ప వేరే ఆలోచన లేదు.

నాన్న మాత్రం ఆ రాడ్లని చూసి కొంచెం తేరుకున్నాడు. ఎంతైనా నట్లూ బోల్టులూ కదా, తన లోకం. "బెస్టు పనితనం. గానీ ఈ నట్టు లూజుంది, స్పానర్ తెమ్మంతారేటి?" అన్నాడు డాక్టరుగారితో. "హాత్ దేబేన్ నా!" అని ఆయన అరిచారు, చెయ్యి పెట్టొద్దని. నాన్న స్పానర్ పెట్టలేదు గానీ, ఇంటికొచ్చాక వేరే పని చేశాడు. విశ్వకర్మ పూజనాడు షాపులో ప్రతి మిషనుకీ పసుపు, గంధం, కుంకుమ పెడతారు కదా, అలాగే రోజూ రెండుపూటలా పూజ కాగానే వచ్చి నా కాలి రాడ్లకి బొట్లు పెట్టేవాడు. "ఇనుమన్నాక బొట్టు ఉండాల్నే. లేకపోతే మాట ఇనదు." ఆసుపత్రికి వెళ్ళే రోజు అమ్మ తడిగుడ్డతో అవన్నీ తుడిచేసేది, డాక్టరు చూస్తే తిడతాడని.

అలా చూపించుకోవడానికి వెళ్ళిన ఒక రోజు, నన్ను ఎక్స్‌రేకి తోసుకుపోయారు. నాన్న ఒక్కడూ డాక్టరుగారి గదిలో ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. డాక్టరుగారు గబగబా కట్టు విప్పి, పైకి పొడిగానే కనిపిస్తున్న గాయం చుట్టూ గట్టిగా నొక్కారు. లోపలినుంచి పసుపుపచ్చగా ఊరింది. ఎక్స్‌రేలో చచ్చిన ఎముక ముక్క కూడా కనిపించింది. అప్పటికప్పుడు వార్డులో చేర్చుకోమన్నారు. "ఏటన్నారు నాన్నా?" అని అడిగితే నాన్న నా వైపు చూడలేదు. "మళ్ళీ ఆపరేషనంట. వోళ్ళ పని వోళ్ళు సేస్తారు. నాను సేయాల్సింది నాను సేస్తాను," అన్నాడు. ఆ గొంతు నాకు కొత్త.

మర్నాడు అమ్మ వార్డుకి వచ్చి మంచం మీద కూలబడింది. "మీ నాన్న దేవుడి గూటికి తాళం ఏసీసినాడే! గంట మూట కట్టి అటక మీద పడీసినాడు. అడిగితే బెల్లం కొట్టిన రాయిలాగ కూకున్నాడు. ఓలమ్మో, నాకు బయమేస్తంది." నేను నమ్మలేదు. సాయంత్రం నాన్న వచ్చాక నమ్మాల్సి వచ్చింది. నుదుటి మీద బొట్టు లేని మా నాన్నని నేనెప్పుడూ చూసి ఎరగను. అదెవరో వేరే మనిషి వచ్చి నా స్టూలు మీద కూర్చున్నట్టుంది. తర్వాత కాకీమా వచ్చింది. గంట వినబడక వాళ్ళింట్లో అన్నం ఆలస్యమవుతోందని చెప్పి, నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. నాన్న పొద్దున్నే స్నానం చేసి, తాళం వేసిన గూటి ముందు కాసేపు నిలబడి, టీ తాగొచ్చో లేదో తేల్చుకోలేక అలాగే డ్యూటీకి వెళ్ళిపోతున్నాడట. నాకు ఒక్కటే అర్థమైంది. ఈయనకి డాక్టరు ఏదో చెప్పాడు. నా కాలు పోతుంది. అందుకే ఆ అప్పన్న మీద అలిగాడు. అది అడిగే ధైర్యం నాకు లేదు. ఆయన చొక్కా చేతి అంచు పట్టుకుని పడుకునేదాన్ని. ఆయనా వదిలించుకునేవాడు కాదు.

రెండో ఆపరేషన్‌లో చచ్చిన ముక్క తీసేశారు. లోపలంతా గీకి కడిగారు. తర్వాత సెలైన్ గొట్టంలోంచి మందులు, రోజూ డ్రెస్సింగ్, దూది తీసినప్పుడల్లా సిస్టరు మొహం కేసి నా చూపు. కొన్ని వారాలు అలాగే గడిచాయి. ఒక ఉదయం డాక్టరుగారు ఇంకా చదువుకుంటున్న పిల్లడాక్టర్లని వెంటేసుకుని రౌండ్‌కి వచ్చారు. కట్టు విప్పి, నొక్కి, వంగి చూసి, మొదటిసారి నవ్వారు. నాన్న వైపు తిరిగి, ఆయనకి ఇష్టమని బెంగాలీలోనే అడిగారు.

"కీ దాదా? పూఁజ్ బంధో?"

"బంధో సార్!" నాన్న అటెన్షన్‌లో నిలబడ్డాడు. "ఏక్‌దమ్ బంధో. ఆమి నిజే బంధో కొరే దియేఛి." పూర్తిగా బంద్, నేనే స్వయంగా బంద్ చేశానని.

డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మీరా? ఎలా?"

"తాలా మేరే దియేఛి, సార్." తాళం వేసేశానన్నాడు.

పిల్లడాక్టర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా బుర్రలో మాత్రం ఏదో తళుక్కుమంది. "నాన్నా," అన్నాను, "ఆ రోజు నేను ఎక్స్‌రేకి వెళ్ళినప్పుడు డాక్టరుగారు నిన్ను ఏమడిగారు?"

"ఏటుంది? పూజ్ హొచ్ఛే? అన్నారు. పూజ అవుతందా అని. రోజ్ హొచ్ఛే సార్, దుబేలా అన్నాను. రోజూ రెండుపూటలా కదా మనది. గొంధో ఆఛే? అన్నారు. గంధం ఉందా అని. ఉంది సార్, బాలో గొంధో, మంచి గంధం, నానే అరగదీస్తాను అన్నాను. ఏ రంగు అన్నారు. పసుపూ ఉంది, ఎరుపూ ఉంది అన్నాను. ఇంక ఆయనకి కోపం వొచ్చీసింది. పూజ్ బంధో నా హొలే పా బాఁచానో ముష్కిల్ అనీసినారు. పూజ ఆపకపోతే కాలు దక్కడం కష్టమని. రాడ్లకి బొట్లెట్టినట్టు తెలిసిపోనాదని నాననుకున్నాను."

"నాన్నా! పూఁజ్ అంటే పూజ కాదు నాన్నా, చీము! పూజని వాళ్ళు పూజో అంటారు. గొంధో అంటే వాసన!"

ముందు సిస్టరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత పిల్లడాక్టర్లు గోడకేసి తిరిగారు. నేను నవ్విన నవ్వుకి కాల్లో సూదులన్నీ జివ్వుమన్నాయి, అయినా ఆపలేకపోయాను. డాక్టరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆయన నెమ్మదించి నాతో అన్నారు. "ఆ రోజు కట్టు పైన అంతా పొడిగా ఉంది. రోజూ రెండుపూటలా చీము, వాసన కూడా అని మీ నాన్నగారు అంత గట్టిగా చెప్పారు కాబట్టే నేను అంత గట్టిగా నొక్కి చూశాను. లేకపోతే నెమ్మదిగా చూద్దామనుకునేవాణ్ణేమో. అప్పటికి ఆలస్యమైపోయేది." (రాడ్ల దగ్గరికి పసుపు మళ్ళీ వచ్చిందో ఊరుకోనని కూడా చెప్పారు. అది వేరే సంగతి.)

అందరం నవ్వుతున్నాం. నాన్న ఒక్కడే నవ్వలేదు. ఆయనకి ఇంకా ఒక్క ప్రశ్న మిగిలి ఉంది. "సార్," అన్నాడు, బెంగాలీ మానేసి, హిందీ కూడా మరిచిపోయి, తెలుగులో, "మరైతే ఆ సీము... ఆగినట్టేనా?" నేను హిందీలో చెప్పాను. డాక్టరుగారు నాన్న రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆగింది. కాలు నిలిచింది. ఇంటికి వెళ్ళి పూజో చేసుకోండి దాదా," అన్నారు. ఆ 'జో'ని బాగా నొక్కి పలికారు.

జనం వెళ్ళిపోయాక నాన్న స్టూలు మీద కూర్చున్నాడు. నేనింకా వెక్కిళ్ళు పెడుతూ నవ్వుతున్నాను. "జ్వరం వచ్చినా ఆపనోడివి కదా, ఎలా ఆపగలిగావు నాన్నా?" అని ఏడిపించబోయాను. ఆయన నా పాదం మీద దుప్పటి సర్దుతూ చాలా మామూలుగా చెప్పాడు. "నీ కాలా, ఆ అప్పన్నా అన్నారనుకున్నానమ్మా. నాకు నీ కాలే కనబడింది. ఆయన్ని తరవాత బతిమాలుకోవొచ్చు. ఒకేల ఆయన ఒల్లకపోయినా సరే, నువ్వు నడిస్తే సాలనుకున్నాను." నా నవ్వు అక్కడ ఆగింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, బాగా ఏడ్చాను. "నొప్పేత్తందా?" అని ఆయన కంగారుగా సిస్టరుని పిలిచాడు.

ఆ సాయంత్రం మా వరసంతా గంట విందని అమ్మ చెప్పింది. కాకీమా వేళ కాని వేళ అన్నం ఎసరు పెట్టేసిందట.

ఇప్పుడు నాకు రైల్వే ఆఫీసులో ఉద్యోగం. అదే కాలనీలో, వేరే వరసలో క్వార్టరు. ఎడమకాలు కుడికాలికంటే ఒక పిసరు పొట్టి. చలికాలం పొద్దుటిపూట గుంజుతుంది, చెప్పు లోపల చిన్న అట్టముక్క పెట్టుకుంటాను. నాన్నకి మోకాళ్ళు అరిగిపోయాయి, నిలబడలేడు. అంచేత గూటి ముందు నిలబడేది నేనే. తలగడ కింద తల దాచుకున్న ఆ పొగరుమోతు గుంట ఇప్పుడు నన్ను చూస్తే ఎంత నవ్వుతుందో! రోజూ గంట ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, ముందుగదిలో కుర్చీలోంచి నాన్న గొంతు సవరించుకుని, అచ్చం ఆ డాక్టరుగారిలాగే అడుగుతాడు.

"కీ? పూఁజ్ హొచ్ఛే?"

"రోజ్ హొచ్ఛే సార్, దుబేలా," అంటాను నేను, ఆ కాలు మీదే నిలబడి, గంట అందుకుంటూ.