పిండి చేతులతో పెరోల్

మా ఆవిడ తమ్ముడు శిక్ష పూర్తవకముందే పెరోల్ మీద బయటికొచ్చినప్పుడు హామీ సంతకం పెట్టింది నేనే. పెట్టనని భీష్మించుకు కూర్చున్నాను గానీ, ఇంట్లో పొయ్యి వెలగకపోయేసరికి దారికొచ్చాను. ఇంతకీ వీడు చేసిన ఘనకార్యం ఏమిటంటే, స్నేహితులు గోడౌన్లో రాగితీగ కాజేస్తుంటే బయట వ్యానులో కూర్చోవడం. వీడికి వ్యాను నడపడం కూడా సరిగ్గా రాదు. అందుకే అందరూ దొరికిపోయారు.

బయటికొచ్చాక మా ఇంట్లోనే ఉంటూ బేకరీలో పనికి కుదిరాడు. పిండి కలపాలి, బ్రెడ్డు కాల్చాలి. ఆ పని పోతే పెరోల్ పోతుంది, పెరోల్ పోతే మళ్లీ జైలే. ఈ ముక్క మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

మొదట్లో పెరోల్ ఆఫీసరు ఒక పెద్దాయన. నెలకోసారి వెళ్తే సంతకం పెట్టించుకుని, "పని బాగుందా? అక్క బాగుందా?" అని అడిగి పంపేసేవాడు. వీడి మీద ఒక్క మచ్చ పడలేదు. ఆయన రిటైరయ్యాడు, కొత్త మేడమ్ వచ్చింది. చిన్న వయసు, ముక్కు మీద కోపం, ఉద్యోగం మీద వల్లమాలిన ప్రేమ. కళ్లలో వత్తులు వేసుకుని వీణ్ణి కాపలా కాసింది. వారం వారం ఆఫీసుకు రావాలి. చెప్పాపెట్టకుండా ఇంటికి తనిఖీకి వస్తుంది. అది చాలదన్నట్టు ఆఫీసు మెషీను ఎప్పుడు పడితే అప్పుడు ఫోను చేస్తుంది. వెంటనే ఎత్తి కెమెరాలో మొహం చూపించాలి, లేకపోతే అదే తప్పు రాసేసుకుంటుంది.

అక్కడి నుంచి మొదలయ్యాయి తప్పులు. ఆఫీసు వరండాలో పడిగాపులు కాసి పనికి ఆలస్యంగా వెళ్లాడు, బేకరీ యజమాని ఒంటికాలి మీద లేచాడు. ఓ రోజు మేడమ్ ఇంటికి తనిఖీకొచ్చి, మనిషి లేడని రాసుకుపోయింది. వాడెక్కడున్నాడు? ఆవిడ ఆఫీసులో, ఆవిడ కోసమే ఎదురుచూస్తున్నాడు! ఆ మాట చెబితే, "కారణాలు చెప్పకు" అందట.

అన్నిటికన్నా ఫోనుతోనే చావొచ్చి పడింది. చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నప్పుడే మోగుతుంది. ఓసారి ముక్కుతో నొక్కబోయి ఫోనును పిండిలో ముంచేశాడు. ఇంకోసారి చేతులు కడుక్కుని వచ్చేలోగా ఓవెన్లో ఒక వాయి బ్రెడ్డు బొగ్గయింది.

"ఇంకో వాయి మాడిందంటే ఇక రావద్దు" అన్నాడు యజమాని. "ఇంకో తప్పు పడిందంటే లోపలికే" అంది మేడమ్. మా ఆవిడ అన్నం మానేసింది. నేను పైకి మాత్రం వాణ్ణి తిడుతూ తిరిగాను.

ఓ పొద్దున నేను బ్రెడ్డు కొందామని బేకరీకి వెళ్లేసరికి మేడమ్ తనిఖీకొచ్చి ఉంది. వీడి చేతులు పిండిలో ఉన్నాయి. అప్పుడే ఫోను మోగింది.

"ఎత్తు!" అంది మేడమ్.

"ఎత్తితే ఓవెన్లోది మాడుద్ది మేడమ్. ఎత్తకపోతే నేను మాడతా. ఏది చెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆవిడ ఫోను తానే తీసి వీడి మొహానికి ఎదురుగా పట్టుకుంది. ఆవిడ చెంప కూడా అందులో పడింది. ఇద్దరు కనిపిస్తున్నారంది మెషీను. ఆవిడ పక్కకు జరిగింది. ఈసారి మెషీను మొహం గుర్తుపట్టలేకపోతున్నానంది. మేడమ్ తన చేతిరుమాలు తీసి వీడి మొహాన ఉన్న పిండి తుడిచింది. ఈలోగా సమయం దాటిపోయింది, తప్పు నమోదైపోయింది.

ఆవిడ నిప్పులు చెరుగుతూ ఆఫీసుకు ఫోను చేసింది. "మనిషి నా పక్కనే ఉన్నాడయ్యా! నా కళ్లతో చూస్తున్నా!"

"ఉండొచ్చు మేడమ్, మెషీన్లో మాత్రం లేడు. అర్జీ పెట్టుకోండి" అన్నాడు గుమాస్తా.

"నాకూ ఇదే చెప్తారు మేడమ్" అన్నాడు మావాడు, పాపం, ఆవిణ్ణి ఓదారుస్తున్నట్టు.

మేడమ్ ఫోను పెట్టేసింది. ఓవెన్ తలుపు తానే తెరిచి, రుమాలుతో ట్రే పట్టుకుని లాగబోయి వేళ్లు కాల్చుకుంది. బ్రెడ్డు మాత్రం మాడలేదు. ఆ వారంలోనే వీణ్ణి మళ్లీ నెలకోసారి లెక్కలోకి మార్చింది, మెషీను ఫోన్లు ఆపించింది. ఇతని తప్పులన్నీ మన తనిఖీల వల్ల పుట్టినవేనని పైకి రాసిందట. అప్పట్నుంచి వీడి మీద తప్పూ లేదు, ఒక్క వాయీ మాడలేదు.

ఫోను మోగని మొదటి సెలవురోజున వాడు ఇంట్లో కనబడలేదు. వెతికి రమ్మని మా ఆవిడ నన్ను తరిమింది. నేను చెప్పులేసుకుంటుండగా గుమ్మంలోకొచ్చాడు.

"ఎక్కడికెళ్లావురా?"

"ఎక్కడికీ లేదు బావా. అలా వీధి చివరిదాకా. ఎవరికీ చెప్పకుండా." చిన్నపిల్లాడిలా నవ్వాడు.

చెప్పి వెళ్లొచ్చు కదరా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.