అవ్వ బోరూ, నా సబ్‌వూఫరూ

మా స్టీరియోకి గొంతు ఉండేది గానీ పొట్ట ఉండేది కాదు. రెండు చిన్న స్పీకర్లలోంచి గాయని తియ్యగా పాడేది, వయొలిన్ ఏడిపించేది. మృదంగం వచ్చేసరికి మాత్రం ఎవరో అగ్గిపెట్టె మీద వేలితో తట్టినట్టుండేది. ఆ దిగులుతో నేను చిక్కి సగమయ్యాను. సగం కావాలంటే నేనింకా చాలా చిక్కాలని నా భార్య అభిప్రాయం.

"సబ్‌వూఫర్ అని, మృదంగం మోత పలికించే పెద్ద స్పీకరు ఒకటి తెస్తే సరిపోతుంది" అన్నాను.

"తెచ్చుకో. అవ్వ ఇల్లు ఖాళీ చేయమంటే ఆ డబ్బాలోనే కాపురం పెడదాం" అంది.

అవ్వ అంటే కింది వాటాలో ఉండే మా ఇంటి యజమానురాలు. నడివేసవిలోనూ నీళ్లిచ్చే బోరున్న అద్దె ఇల్లు కర్నూలులో దొరకడమంటే పెరట్లో నిధి దొరకడమే. చేరిన రోజే అవ్వ ఒకే ఒక్క షరతు పెట్టింది: చప్పుడు వినిపిస్తే ఇల్లు ఖాళీ. మాకు ముందున్నవాళ్లు మిక్సీ మోతకే వెళ్లిపోయారట. మా ఇంట్లో పప్పు కూడా గుసగుసగా ఉడికేది.

అయినా వన్‌టౌన్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లాను. దుకాణం భాయ్ ఒక పెట్టె మీద చెయ్యేశాడు.

"సార్, పన్నెండించులు. పెట్టినారంటే గోడల సున్నం రాలాల."

"సున్నం ఉండాల భాయ్, అద్దె గోడలవి."

"అయితే ఈ పదించులది తీస్కపోండి. పాత మోడలు, ధర శానా దిగింది. ఇంట్లో ఇని చూడండి, నచ్చకుంటే తెచ్చీండి."

మూలన అంతకంటే చవగ్గా ఎనిమిదించులది ఒకటుంది. అడిగితే "అది పిల్లకాయలాట సార్" అన్నాడు. మీసమున్న మనిషిని, ఆ మాట పడి ఊరుకుంటానా? గున్న ఏనుగంత పెట్టెను ఆటోలో వేసుకొచ్చాను.

సాయంత్రం దాన్ని కడప బండల నేల మీద, గోడ మూలకు ఆనించి పెట్టాను. మృదంగం మోగింది. అబ్బ! నా పక్కటెముకలు తాళం వేశాయి. అరలోని స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. అంతలో తలుపు దబదబలాడింది.

అవ్వ! మోకాళ్ల నొప్పులతో ఏనాడూ మెట్లెక్కని అవ్వ, చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడింది. నా భార్య చూపులు అప్పుడే గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టాయి.

"ఏమప్పా, కొంప మునిగింది! ఉన్నకాడికి నీళ్లు పట్టుకోండి. బోరు పోతాండాది!"

"ఏమైంది అవ్వా?"

"భూమి లోపల్నించి గుద్దుతాండాది. మోటారు ఆపేస్తి. ఆపినా గుద్దుతాండాదప్పా! అడుగంటి గాలి పీలుస్తాండాది. ఇదో, నీకు ఇనపడల్యా?" అని గోడకు అరచెయ్యి ఆనించింది.

మృదంగం ఒక్కటే రెచ్చిపోయి వాయించుకునే తని ఆవర్తనంలో ఉంది.

చప్పుడు చెయ్యకుండా వాల్యూమ్ తగ్గించేస్తే బోరు తనంతట తానే బాగుపడుతుంది, నా ఇల్లూ నిలుస్తుంది. బుద్ధి అటే లాగింది. కానీ అవ్వ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నిరుడు పక్కింటోళ్లకు ఇట్లే పాయె. ట్యాంకరు కోసరం రోడ్డు మీద కూచునిరి" అంటోంది. పోయి స్విచ్ కట్టేశాను. ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

"అవ్వా, బోరు కాదు. ఈ డబ్బా."

అవ్వ నన్ను చూసింది, డబ్బాను చూసింది. తనే స్విచ్ వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

"ఇదేనా? ఒట్టు?"

"ఒట్టు."

మోకాళ్లను మరిచిపోయి కిందికి పరుగెత్తింది. మోటారు వేసింది. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు దూకిన శబ్దం ముగ్గురం విన్నాం. అవ్వ మెట్ల మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఖాళీ చేయమంటావా అవ్వా?" నా భార్య భయపడుతూనే అడిగింది.

"ఖాళీనా? బోరు బాగుండాదని చెప్పినోణ్ని యాడికి పంపేది? ఆ డబ్బాను పంపించు, చాలు."

మర్నాడు దాన్ని తిరిగిచ్చేసి, మీసం సంగతి మరిచిపోయి, ఎనిమిదించులది తెచ్చాను. అవ్వ మోటారు స్విచ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను పైన పెట్టెను గదంతా జరిపాను.

"ఈడ ఎట్లుండాది అవ్వా?"

"బోరు మాదిరే!"

"ఈడ?"

"పక్కింటి బోరు మాదిరి!"

చివరికి మూలకు దూరంగా, సోఫా పక్కన, అడుగున పాత బొంత మడతపెట్టి దాని మీద పెట్టాను.

"ఆపేస్తివా ఏందప్పా?"

"లేదవ్వా, పాడుతాండాది."

పైన మాత్రం మృదంగం అచ్చంగా మృదంగంలా పలుకుతోంది. నా భార్య పాటంతా కదలకుండా విని, "ఇంకొంచెం పెంచు" అంది. వెంట్రుకవాసి పెంచాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి కిందికి చెవులు రిక్కించాం.

కింద అవ్వ వాకిట్లో నీళ్లు చల్లుకుంటున్న చప్పుడు వినిపించింది.